పారణ లేని పథ్యము

వ్రతమునకు మూడు అంగములు ఉన్నవి: సంకల్పము, నియమము, పారణ. సంకల్పము లేనిదే వ్రతము ఆరంభము కాదు. నియమము లేనిదే నిలువదు. పారణ లేనిదే పూర్తి కాదు. ఏకాదశినాడు ఉపవసించినవాడు ద్వాదశి గడియలలో భుజింపకపోయినచో దానివలన అధికపుణ్యము రాదు సరికదా, వ్రతలోపము కలుగును. ఈ మూడవ అంగమును మరచి ఆహారమును విడుచుచున్నవారు నేడు ప్రతి ఊరిలోను ఉన్నారు. వారు పుణ్యము కోరి విడుచుట లేదు. కడుపునొప్పి భరింపలేక విడుచుచున్నారు. అయినను, శాస్త్రము వ్రతమునకు విధించిన క్రమమే వారికిని రక్ష యగునని ఈ వ్యాసముయొక్క అభిప్రాయము.

ఏర్గట్లలో వినబడు ప్రశ్న

నిజామాబాద్ జిల్లాలో, ఆర్మూరు ప్రాంతమున, పసుపు పండించు పల్లెల నడుమ ఏర్గట్ల ఉన్నది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు మండలకేంద్రమైనది. తొలకరికి నాటిన పసుపును పుష్యమాసము మొదలు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, నిజామాబాద్ మార్కెట్ యార్డునకు చేర్చువరకు రైతుకుటుంబమునకు వేళకు అన్నము దొరకుట కష్టము. ఉదయము చాయ, మధ్యాహ్నము మరల చాయ, రాత్రి పొద్దుపోయిన తరువాత కారము దట్టించిన కూరతో నిండు భోజనము. ఇట్లు సంవత్సరములు గడచిన పిమ్మట కడుపు తన మాట తాను చెప్పుట ఆరంభించును.

తీర్థము పుచ్చుకొని, శఠగోపము పెట్టించుకొని, గుడిలో ఒక నిమిషము ఆగినవారు అర్చకుని అడుగు ప్రశ్నలలో ఇది ఒకటి: "అయ్యగారూ, ఏం తిన్నా పడ్తలేదు, కడుపు ఉబ్బుతున్నది. ఏది బంద్ చెయ్యమంటరు?"

ఆ ప్రశ్నలోనే లోపమున్నది. ఏది మానవలెనని అందరును అడుగుదురు. ఎన్నాళ్లు మానవలెను, మరల ఎట్లు తినవలెను అని అడుగువారు అరుదు.

అందువలన జరుగునది ఇది. పొరుగింటివారు చెప్పిరని మొదట వంకాయ మానుదురు. బంధువు చెప్పెనని పప్పు మానుదురు. ఫోనులో ఎవరో పంపిన పట్టిక చూచి గోధుమ, పాలు, ఉల్లి, వెల్లుల్లి, పండ్లు మానుదురు. ప్రతి త్యాగము తరువాత పదిదినములు సుఖముగా తోచును. పదునొకండవ దినమున నొప్పి మరల వచ్చును. అప్పుడు ఇంకొకటి విడుతురు. విడిచినదానిని తిరిగి చేర్చుకొనుటకు ధైర్యము చాలదు. సంవత్సరము గడచునప్పటికి విస్తరిలో చారన్నము తప్ప మరేమియు మిగులదు. పెండ్లికి పోవుట మానుదురు. ప్రసాదము చేతికిచ్చినప్పుడు తినలేక, వద్దనలేక, అపరాధభావముతో తల వంచుకొందురు.

స్త్రీల విషయములో ఈ ప్రమాదము మరింత గూఢముగా ఉన్నది. సోమవారము ఉపవాసము, శనివారము ఒంటిపూట అని చెప్పి, నొప్పికి భయపడి భోజనము మానుచున్న ఇల్లాలిని ఇంటివారు భక్తురాలని మెచ్చుకొందురు. ఆమె బరువు తగ్గుచున్నదని, రక్తము క్షీణించుచున్నదని ఎవరును గమనింపరు. వ్రతము వ్యాధికి ముసుగు కాకూడదు.

పథ్యమునకు ముందు నిర్ణయము

ఈ వ్యాధిని వైద్యులు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అందురు, వాడుకలో ఐ.బి.యస్. 2016లో అంతర్జాతీయ నిపుణులు ప్రకటించిన రోమ్-4 లక్షణముల ప్రకారము, గడచిన మూడు మాసములలో సగటున వారమునకు ఒక దినమైనను కడుపునొప్పి ఉండవలెను. ఆ నొప్పి మలవిసర్జనతోనో, విరేచనముల సంఖ్యలో మార్పుతోనో, మలముయొక్క రూపములో మార్పుతోనో ముడిపడి ఉండవలెను. ఈ మూడింటిలో రెండైనను కనబడవలెను. బాధ మొదలై ఆరు మాసములు గడచియుండవలెను. పేగులలో పుండు కనబడదు, పరీక్షలలో దోషము కనబడదు. అయినను బాధ సత్యము. పేగుల నాడులు అతిసున్నితములై, మనస్సునకును ఉదరమునకును నడుమనున్న సంభాషణ చెదరుటవలన ఇది కలుగుచున్నది. "పరీక్షలో ఏమియు లేదు, అంతా భ్రమ" అని ఇంటివారు తీసివేయుట అన్యాయము.

మన ఆయుర్వేదమున చరకసంహిత చికిత్సాస్థానములోని పదునైదవ అధ్యాయము గ్రహణీదోషమును గూర్చినది. జఠరాగ్నికి నెలవైన గ్రహణి చెడినప్పుడు మలము ఒకసారి బద్ధముగాను, ఒకసారి ద్రవముగాను వెడలునని అందు వర్ణన ఉన్నది. పోలిక స్పష్టమే. అయినను రెండును ఒకటేనని ముద్ర వేయుట తొందరపాటు. గ్రహణి అను పేరు క్రింద నేటి వైద్యము వేరుపరచిన అనేక వ్యాధులు ఇమిడి ఉండవచ్చును.

కావుననే నిర్ణయము ముందు, పథ్యము తరువాత. మలములో రక్తము, కారణము లేకుండ బరువు తగ్గుట, రాత్రి నిద్రనుండి లేపు విరేచనములు, జ్వరము, రక్తహీనత, ఏబది సంవత్సరములు దాటిన పిమ్మట క్రొత్తగా మొదలైన లక్షణములు, కుటుంబములో పెద్దపేగు క్యాన్సర్ ఉండుట: వీనిలో ఒక్కటి ఉన్నను ఆహారపట్టికలు ప్రక్కన పెట్టి వైద్యుని దర్శింపవలెను. గోధుమ పడదని అనుమానించువారు దానిని మానకముందే సీలియాక్ వ్యాధికి రక్తపరీక్ష చేయించుకొనవలెను. మాని కొన్ని మాసములైన తరువాత పరీక్షించినచో, వ్యాధి ఉన్నను పరీక్ష లేదనవచ్చును.

మెల్‌బోర్న్‌నుండి వచ్చిన పథ్యము

నేడు ఫోనులలో తిరుగుచున్న పట్టికలకు మూలము ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున మోనాష్ విశ్వవిద్యాలయములో పనిచేసిన పీటర్ గిబ్సన్, ఆయనతోపాటు స్యూ షెపర్డ్ అను ఆహారనిపుణురాలు. 2005లో వారు ఫాడ్‌మ్యాప్ అను పదమును లోకమునకు ఇచ్చిరి. చిన్నపేగులో సరిగా ఇంకక, నీటిని లాగుకొని, పెద్దపేగులోని సూక్ష్మజీవులవలన పులిసి వాయువును పుట్టించు కొన్ని పిండిపదార్థములకు, చక్కెరలకు అది ఉమ్మడి పేరు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమలలోని ఫ్రక్టాన్లు, పప్పులలోని గాలాక్టో-ఒలిగోసాకరైడ్లు, పాలలోని లాక్టోజ్, తేనెలోను మామిడిపండులోను అధికముగా ఉన్న ఫ్రక్టోజ్ మొదలగునవి ఈ కోవకు చెందినవి. ఇవి విషములు కావు. ఆరోగ్యవంతునకు మేలు చేయునవే. పేగులు అతిసున్నితములైనవానికి మాత్రము బాధ కలిగించును.

ఈ పథ్యమునకు మూడు దశలు విధించిరి. మొదటి దశలో రెండు మొదలు ఆరు వారములు ఆ పదార్థములను తగ్గింతురు. రెండవ దశలో ఒక్కొక్క వర్గమును వేరువేరుగా, మూడు దినములు కొలత పెంచుచు తిరిగి తిని పరీక్షింతురు. మూడవ దశలో పడినవానినన్నింటిని మరల విస్తరిలోనికి తెచ్చుకొని, పడనివానిని మాత్రము పరిమితము చేసికొందురు. మొదటి దశలో గుణము కనబడకపోయినచో పథ్యమును అంతటితో విడిచి మరియొక మార్గము వెదకవలెనే కాని దానిని పొడిగింపకూడదు.

ఫలము లేని మాట కాదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 294 మందిపై జరిగి 2024లో వెలువడిన పరిశోధనలో, ఈ పథ్యమును సాధారణ ఆహారనియమములతో కలిపి నాలుగు వారములు పాటించినవారిలో 76 శాతమునకు గణనీయమైన ఉపశమనము కలిగినది. పిండిపదార్థములను తగ్గించిన మరియొక ఆహారముతో 71 శాతమునకు, మందులతో 58 శాతమునకు కలిగినది. నాలుగు వారములు మాత్రమే అను మాటను గమనింపవలెను. దీర్ఘకాలము కొనసాగించినచో పేగులకు మేలు చేయు సూక్ష్మజీవులు తగ్గుట, సున్నము, పీచు చాలకపోవుట కలుగునని పరిశోధకులే హెచ్చరించిరి.

మూడు దశలలో మన పల్లెలకు చేరినది మొదటిది ఒక్కటే. పట్టిక వచ్చినది, పారణ రాలేదు.

చాతుర్మాస్యము చెప్పు పాఠము

విడిచి, మరల చేర్చుకొను ఈ పద్ధతి మన సంప్రదాయమునకు క్రొత్తది కాదు. చాతుర్మాస్యవ్రతములో మొదటి మాసమున శాకములు, రెండవ మాసమున పెరుగు, మూడవ మాసమున పాలు, నాలుగవ మాసమున ద్విదళములు, అనగా పప్పుధాన్యములు, వర్జింతురు. ఒక మాసమున ఒక వర్గము. పెరుగు మానినప్పుడు శాకములు తిరిగి వచ్చును. పాలు మానినప్పుడు పెరుగు తిరిగి వచ్చును. నాలుగింటిని ఒకేసారి విడిచి యావజ్జీవము ఉండుమని ఎవరును చెప్పలేదు. ఉత్థానద్వాదశి రాగానే వ్రతము సమాప్తము.

ఇది ఐ.బి.యస్.కు చికిత్స అని ఎవరైనను అన్నచో అది అతిశయోక్తి. చాతుర్మాస్యముయొక్క ప్రయోజనము చిత్తశుద్ధి. పేగులకొరకు అది విధింపబడలేదు. గ్రహింపవలసినది దాని నిర్మాణము: విడుచుటకు హద్దు ఉండవలెను, ఆ హద్దును ముందే చెప్పుకొనవలెను.

భాగవతములోని అంబరీషుని కథ ఈ సత్యమునే చెప్పుచున్నది. ద్వాదశీవ్రతము పూర్తిచేసి పారణకు సిద్ధమైన రాజునకు దుర్వాసుడు అతిథిగా వచ్చి, స్నానమునకు యమునకు వెళ్లి, ఆలస్యము చేసెను. ద్వాదశి గడచిపోవుచున్నది. అతిథికంటె ముందు భుజించుట దోషము, ద్వాదశి దాటనిచ్చుట దోషము. రాజు తన ఇష్టము వచ్చినట్లు చేయలేదు, మొండిగా ఉపవాసము కొనసాగింపను లేదు. తెలిసిన బ్రాహ్మణులను అడిగెను. నీరు త్రాగుట భుజించినట్లును, భుజింపనట్లును అగునని వారు చెప్పగా ఆ మేరకు చేసెను. అంతటి భక్తుడు కూడ వ్రతమును ఎట్లు ముగింపవలెనో తెలిసినవారిని అడిగెను. ఆహారము మానుటకు పదిమందిని అడిగి, తిరిగి తినుటకు ఒక్కరినైనను అడుగని నేటివారు ఆలోచింపవలసిన కథ ఇది.

సాత్త్వికము వేరు, సుజీర్ణము వేరు

ఉల్లి, వెల్లుల్లి ఈ పట్టికలో ఉండుట చూచి "మన పెద్దలు చెప్పినదే విజ్ఞానము ఒప్పుకొన్నది" అని సంతోషించువారు ఉన్నారు. ఆ సంతోషము నిలువదు. ఉల్లిలోని ఫ్రక్టానునకు తమోగుణముతో సంబంధము లేదు. ఆ పట్టికలోనే ఉల్లి ప్రక్కన పాలు, తేనె, కందిపప్పు, శనగలు, గోధుమ ఉన్నవి. పంచామృతములో పాలు, తేనె ఉన్నవి. ఉల్లి లేని సాంబారులో కందిపప్పు ఉన్నది. గోధుమరవ్వ ప్రసాదము, క్షీరాన్నము, గుగ్గిళ్లు నిండు సాత్త్వికములు. అయినను ఈ రోగికి బాధ కలిగింపగలవు. అటులనే పులిహోర చాలమందికి ఇముడును. దానిలోని శనగపప్పు కొద్దిగానే ఉండును. నేయిలో లాక్టోజ్ లేనట్లే.

గీత పదునేడవ అధ్యాయము ఆహారమును గుణత్రయమును బట్టి విభజించినది. అది మనస్సునకు సంబంధించిన విచారణ. మోనాష్ పట్టిక పేగులకు సంబంధించినది. ఒకదానిని మరియొకదానికి సాక్ష్యముగా నిలబెట్టుట రెండింటికిని అపచారము.

ప్రసాదవిషయమున భయమునకు తావు లేదు. ప్రసాదమునకు పరిమాణము ప్రమాణము కాదు. ఒక మెతుకు కన్నుల కద్దుకొని స్వీకరించినను స్వీకరించినట్లే. పడనివాడు మిగిలినదానిని పిల్లలకు ఇచ్చుటలో దోషము లేదు. అర్చకులు ఈ మాటను బహిరంగముగా చెప్పవలెను. దోసెడు ప్రసాదము పెట్టి "భగవంతునిది, ఏమియు కాదు" అని బలవంతపెట్టకూడదు.

ఎనిమిది విచారణలు

పట్టిక ఒక పదార్థమును "తినవచ్చును", "తినరాదు" అని రెండుగా చీల్చును. చరకుడు విమానస్థానములో ఆహారమును విచారించుటకు ఎనిమిది అంశములు చెప్పెను: పదార్థస్వభావము, సంస్కారము, సంయోగము, రాశి, దేశము, కాలము, భుజించు విధి, భుజించువాడు. ఏర్గట్ల వంటింటిలో ఈ ఎనిమిది ఎంతో ఉపకరించును.

సంస్కారము: పప్పును రాత్రి నానబెట్టి, ఆ నీటిని పారబోసి, క్రొత్తనీటిలో ఉడికించినచో వాయువు పుట్టించు భాగము కొంత తగ్గును. వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు నీటిలో కరగును, నూనెలో కరగవు. నూనెలో రెబ్బలు వేయించి తీసివేసినచో వాసన మిగులును, బాధ తగ్గును. ఉల్లికాడలలో పచ్చని భాగము పడును, తెల్లగడ్డ పడదు. ఇంగువ తాళింపునకు రుచి ఇచ్చును. అయితే అంగడిలో దొరకు డబ్బా ఇంగువలో గోధుమపిండి కలియుట సాధారణము గావున సీలియాక్ రోగి చూచి కొనవలెను.

రాశి: చెంచెడు పప్పు పడినవానికి గిన్నెడు పప్పు పడకపోవచ్చును. సంయోగము: ఒకే పూట పప్పు, పచ్చిఉల్లి వేసిన పచ్చిపులుసు, చివర మామిడిపండు చేరినచో, విడివిడిగా పడునవే కలిసి బాధించును. నింద చివర తిన్న మామిడిపండుమీద పడును. దేశము: ఆర్మూరు ప్రాంతమువారికి జొన్నరొట్టె అలవాటైన ఆహారము. బియ్యము, జొన్న, రాగి ఈ పథ్యములో సాధారణముగా ఇముడునవే గావున గోధుమ తగ్గించినంతమాత్రమున ఆకలితో ఉండనక్కరలేదు. ఖరీదైన విదేశీ ఆహారపొట్లములు కొనవలసిన పనియు లేదు. కాలము: పసుపు ఉడికించు దినములలోను, పెండ్లిండ్ల మాసములోను ఈ పథ్యము ఆరంభింపరాదు, వేళకు వండి తినుటకు వీలున్న ఆరు వారములను చూచుకొనవలెను. భుజించువాడు: అన్నకు పడినది తమ్మునికి పడకపోవచ్చును, ఒకరి పట్టిక మరియొకరికి శాస్త్రము కాదు.

పథ్యమునకు ముందే చేయదగినవి కొన్ని ఉన్నవి. వేళకు భుజించుట, నమలి తినుట, కారమును, నూనెను, చాయను తగ్గించుట, మలబద్ధకమునకు ఇసబ్గోల్ కొద్దిగా మొదలుపెట్టి నీటితో తీసికొనుట. ఇంతమాత్రముననే సుఖపడువారు అనేకులు. బాలురు, గర్భిణులు, కృశించినవారు, వృద్ధులు నిపుణుల పర్యవేక్షణ లేక కఠినపథ్యమునకు పోరాదు.

పసుపు పండించు సీమలో పసుపును గూర్చి కూడ ఒక మాట అవసరము. 2025 జనవరి 14న ఆరంభమైన జాతీయ పసుపు బోర్డునకు నిజామాబాద్ కేంద్రమగుట అచటి రైతులకు గౌరవము. వంటలో వేయు చిటికెడు పసుపు ఈ రోగికి హాని చేయదు. అయితే పసుపు సర్వరోగహరమని గుళికలు, సారములు మోతాదు మించి మ్రింగినవారిలో కొందరికి కాలేయము దెబ్బతినిన ఉదంతములు వైద్యగ్రంథములలో నమోదైనవి. మంగళద్రవ్యమునకు కూడ మాత్ర ఉన్నది.

మిణుగురంత నిప్పు

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినములు అన్నము మాని, నీరు మాత్రము త్రాగి ఉండుమని ఆదేశించెను. పదునారవ దినమున వేదము చెప్పుమనగా, పండ్రెండు సంవత్సరములు చదివినవానికి ఒక్క మంత్రమును తోచలేదు. పెద్ద నిప్పు ఆరి మిణుగురంత మిగిలినట్లు అతని శక్తి మిగిలినదని తండ్రి చెప్పెను. భుజించి వచ్చిన పిమ్మట, గడ్డిపరక వేయగా ఆ మిణుగురు మరల మండినట్లు, అడిగినదంతయు చెప్పగలిగెను.

ఈ కథలో గమనింపదగిన అంశములు మూడు. పదునైదు దినములని తండ్రి ముందే హద్దు చెప్పెను. ఉపవాసముయొక్క ప్రయోజనము తెలిసికొనుట. తెలియగానే అన్నము పెట్టించెను. మిణుగురును మండించుటకు దుంగ వేయలేదు, గడ్డిపరక వేసెను. చిరకాలము విడిచిన ఆహారమును తిరిగి తెచ్చుకొనువాడు కూడ ఒక వర్గమును, కొద్దికొద్దిగా, భయపడక తెచ్చుకొనవలెను. మొదటిదినము కొంచెము ఉబ్బరము కలిగినను అది ప్రమాదసూచన కాదు. కొలత తెలియుచున్నదని అర్థము.

ఎవరిని అడుగవలెను?

1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు 17 ఆహారసూత్రములను ప్రకటించినది. వానిలో మొదటిది, వివిధములైన ఆహారపదార్థములు భుజింపుమని. చికిత్సకొరకు విడుచుట అపవాదము, వైవిధ్యమే ఉత్సర్గము. అపవాదము ఉత్సర్గమును మ్రింగరాదని శాస్త్రము చదివినవారికి చెప్పనక్కరలేదు.

ఏర్గట్లలోని రోగికి పీటర్ గిబ్సన్ అందుబాటులో లేడు. వైద్యుడు ఉన్నాడు, నిజామాబాద్‌లో ప్రభుత్వవైద్యశాల ఉన్నది, నగరములో ఆహారనిపుణులు ఉన్నారు. వారియొద్దకు ఒక చిన్న పుస్తకముతో పోవలెను. రెండు వారములు ఏమి తింటిరో, ఎంత తింటిరో, ఎప్పుడు నొప్పి వచ్చెనో, ఎట్లు నిద్రపోతిరో, ఆ దినమున మనస్సు ఎట్లుండెనో అందులో వ్రాసికొనవలెను. పంట ధర పడిపోయిన దినముననో, గల్ఫ్‌లోనున్న కుమారుని ఫోను రాని దినముననో నొప్పి హెచ్చినట్లు ఆ పుస్తకము చెప్పవచ్చును. అప్పుడు విడువవలసినది పప్పు కాదని తెలియును. ధ్యానము, నిద్ర, మనోవైద్యుని సలహా ఈ వ్యాధిలో ఆహారముతో సమానమైన ఔషధములు.

గుడికి వచ్చి అడిగినవానికి అర్చకుడు చెప్పదగినది కొద్దియే. ఏది మానవలెనో చెప్పుట వైద్యుని పని. సంకల్పములో దేశకాలములు చెప్పినట్లు, మానినదానికి ఆరంభదినమును, ముగింపుదినమును క్యాలెండరుమీద వ్రాసికొనుమని చెప్పుట అర్చకుని పని. పారణ తేది లేని పథ్యమును ఆరంభింపవద్దని చెప్పవలెను. తేది దాటిపోయినవారిని కూర్చుండబెట్టి, "ఈ వారము ఏమి తిరిగి తినుచున్నారు?" అని అడుగవలెను.

అన్నమే బ్రహ్మమని భృగువు తెలిసికొనెనని తైత్తిరీయము చెప్పుచున్నది. బ్రహ్మమునకు భయపడువాడు సాధకుడు కాడు. విస్తరి ముందు భయముతో కూర్చుండువాడు ఆ భయమునుండి విడుదల పొందుటయే ఈ పథ్యముయొక్క ఫలము. వ్రతము ముగిసిన దినమున ఇంటిల్లిపాది ఒకే పంక్తిలో కూర్చుండి, ఒకే గిన్నెలోని కూరను వడ్డించుకొని తినగలిగినచో ఆ వ్రతము సఫలమైనట్లు.

స్వస్తి.